క్షమించడమంటే కేసు వెనక్కి తీసుకోవడమా? క్రైస్తవ బోధలో చిక్కుపడిన ప్రశ్నలు

తమవాళ్లను చంపినవాణ్ణి క్షమిస్తున్నామని ఒక క్రైస్తవ కుటుంబం ప్రకటించిన ప్రతిసారీ జనం రెండుగా చీలిపోతారు. కొందరు చేతులెత్తి నమస్కరిస్తారు. ఇంకొందరు "ఇలా క్షమించేస్తే పోయిన ప్రాణానికి విలువేముంది?" అని మండిపడతారు. సంఘాల లోపల అయోమయం మరో రకంగా ఉంటుంది. మోసం చేసిన బంధువును, చెయ్యి చేసుకునే భర్తను, పరువు తీసిన తోటి విశ్వాసిని క్షమించమని పాస్టర్ గారు చెప్తారు. సరే, ఏం చేస్తే క్షమించినట్టు? కేసు వెనక్కి తీసుకోవాలా? మళ్లీ ఇంట్లోకి రానివ్వాలా? గుర్తొచ్చినప్పుడల్లా కడుపు మండుతుంటే ఇంకా క్షమించనట్టేనా?

వీటికి ఒకే జవాబు దొరకదు, ఎందుకంటే ఇవన్నీ ఒకే విషయం గురించి అడిగినవి కావు. పగ తీర్చుకునే హక్కును వదులుకోవడం ఒక పని. లోపలి మంట చల్లారడం ఇంకొకటి. తెగిన సంబంధం అతకడం వేరు, దానికి ఇద్దరు కావాలి. చేసిన పనికి పడాల్సిన శిక్ష, కట్టాల్సిన నష్టం రద్దు కావడం పూర్తిగా వేరు. ఈ నాలుగింటినీ మనం క్షమాపణ అనే అంటున్నాం. బైబిల్ మొదటిదాన్ని గట్టిగా ఆజ్ఞాపిస్తుంది. మిగతా మూడింటి దగ్గర సందర్భాన్ని బట్టి మాట్లాడుతుంది. మొదటిదాన్ని అడిగి, మిగతా మూడూ దాంతోపాటే వచ్చెయ్యాలని పట్టుబట్టే చోటే ఎక్కువ గొడవలు పుడుతున్నాయి.

అప్పు లెక్కలో చెప్పిన కథ

క్షమించడం గురించి చెప్పేటప్పుడు యేసు తరచూ అప్పుల భాష వాడాడు. పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అన్నది అలాంటిదే. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని కథ అయితే మొత్తం బాకీల మీదే నడుస్తుంది. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడుగుతాడు. ఏడు కాదు, డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడులసార్లు) అంటాడు యేసు. లెక్క పెట్టుకోవడమే మానెయ్యమని దాని భావం. ఆ వెంటనే కథ మొదలుపెడతాడు.

ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక కూలివాడి ఒక రోజు కూలి. అంటే ఆ అప్పు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికి, ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా కట్టుకుంటూ పోయినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. రాజు దాన్ని కొట్టేస్తాడు. ఆ దాసుడు బయటికి రాగానే, తనకు 100 దేనారాలు ఇవ్వాల్సిన తోటి దాసుడి గొంతు పట్టుకుని చెరసాలలో వేయిస్తాడు. సంగతి రాజుకు తెలుస్తుంది. మాఫీ రద్దవుతుంది.

ప్రసంగాల్లో ఈ 100 దేనారాలను చిల్లర డబ్బులన్నట్టు చెప్పేస్తుంటారు. లెక్కేసి చూస్తే అది చిల్లరేం కాదు. నెలకు 25 రోజుల పని చొప్పున నాలుగు నెలల సంపాదన. కూలి చేసుకునేవాడికి నాలుగు నెలల కూలి పోతే ఇల్లు తలకిందులవుతుంది. నీకు జరిగిన నష్టం అసలు నష్టమే కాదని ఈ కథ అనడం లేదు. ఆ నష్టానికి 6 లక్షల రెట్లు పెద్ద అప్పును నీకు కొట్టేశారు, అది గుర్తుంచుకో అంటోంది. ఈ తేడా పట్టుకోకపోతే బాధితులకు అన్యాయం జరుగుతుంది.

అప్పు కొట్టేయాలంటే ముందు అప్పుందని ఒప్పుకోవాలి. "పోనీలే, అదేం పెద్ద విషయం కాదులే" అనడం సర్దుకుపోవడమే తప్ప క్షమించడం కాదు. ఒనేసిము అనే దాసుడి గురించి అతని యజమాని ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో పౌలు ఈ పద్ధతినే పాటిస్తాడు. నీకేం నష్టం జరగలేదు కదా అనడు. అతనివల్ల నష్టమైనా, బాకీ అయినా ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అంటాడు. బాకీ ఉన్నట్టే రాసుకున్నారు. దాన్ని మోసే మనిషి మాత్రం మారాడు.

పేతురు ప్రశ్నకు ముందున్న మాటలు

"డెబ్బది ఏళ్ల మారులు" ప్రతి విశ్వాసికీ నోటికి వచ్చు. అదే అధ్యాయంలో అంతకు ముందున్నవి మాత్రం అంతగా వినపడవు. 6వ వచనంలో, చిన్నవారిని అభ్యంతరపరిచేవాడి మెడకు పెద్ద తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచెయ్యడమే వాడికి మేలని ఉంది. 15 నుంచి 17 వరకు, సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ఏం చేయాలో వరసగా చెప్పారు. ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా వినకపోతే అతన్ని బయటివాడిగా ఎంచాలి.

పేతురు అడిగింది ఇదంతా విన్నాకే. కాబట్టి ఆ జవాబు నోరు మూసుకుని భరించమని చెప్పే జవాబు కాదు. తప్పును తప్పని ముఖాన చెప్పడం, అవసరమైతే నలుగురిలో పెట్టడం, ఎన్నిసార్లయినా క్షమించడం, ఈ మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. రచ్చ చెయ్యకుండా క్షమించెయ్యమని బాధితులకు చెప్పేవాళ్లు ఆ అధ్యాయాన్ని 21వ వచనం నుంచి చదవడం మొదలుపెడుతున్నారన్నమాట.

మనం క్షమించకపోతే దేవుడు క్షమించడా?

విశ్వాసులకు అసలు టెన్షన్ ఇక్కడే. పరలోక ప్రార్థన అయిపోయిన వెంటనే, మీరు మనుషుల అపరాధాలను క్షమించకపోతే మీ తండ్రి కూడా మీ అపరాధాలను క్షమించడు అని మత్తయి 6:15 సూటిగా అంటుంది. ఎఫెసీయులకు 4:32 వరస మార్చి చెబుతుంది: క్రీస్తులో దేవుడు మిమ్మల్ని క్షమించాడు, అలాగే మీరూ క్షమించండి. ఏది ముందు?

మొదటి వచనాన్ని ఉన్నదున్నట్టుగా షరతుగానే తీసుకోవాలన్నది ఒక వాదన. క్షమించని హృదయం మూసుకుపోయి ఉంటుంది కాబట్టి దేవుని కరుణ అందులోకి వెళ్లలేదని కథోలిక బోధ వివరిస్తుంది. ప్రొటెస్టెంట్లలో చాలామంది దాన్ని గుర్తుగా చూస్తారు. నిజంగా క్షమాపణ పొందినవాడు క్షమిస్తాడు. ఎన్నటికీ క్షమించనని భీష్మించుకున్నవాడు తాను పొందాడో లేదో చూసుకోవాలి. ఇంకొందరు రెండు స్థాయులు చెబుతారు. రక్షణకు సంబంధించిన క్షమాపణ ఒకసారి దొరికాక పోదని, తండ్రితో రోజువారీ సహవాసం మాత్రం దెబ్బతింటుందని వారి మాట.

దాసుడి కథ ఎవరి పక్షానా పూర్తిగా నిలబడదు. రాజు ముందుగానే, ఏ షరతూ లేకుండా మాఫీ చేశాడు. కాబట్టి క్షమించి సంపాదించుకోవాలనే వాదనకు అది అడ్డు. కానీ తర్వాత ఆ మాఫీని రద్దు కూడా చేశాడు. ఒకసారి దొరికితే ఇక పోదు అనేవాళ్లకు అక్కడ ఇబ్బంది. ఒక్కటి మాత్రం గమనించాలి. దాసుడు శిక్షకు గురైంది బాధపడినందుకో, మర్చిపోలేకపోయినందుకో కాదు. వీధిలో తోటివాడి గొంతు పట్టుకున్నందుకు. ఇంకా ఏడుపొస్తోంది, కాబట్టి నాకు రక్షణ లేదేమో అని బెంగపడే మనిషి పరిస్థితి అది కానే కాదు.

తప్పు ఒప్పుకోనివాణ్ణి కూడా క్షమించాలా?

లూకా 17:3 ప్రకారం సహోదరుడు తప్పు చేస్తే గద్దించాలి, మారుమనస్సు పొందితే క్షమించాలి. అక్కడ "పొందితే" అనే షరతు ఉంది. దేవుడు కూడా పశ్చాత్తాపపడిన వాళ్లనే క్షమిస్తున్నాడు కాబట్టి, ఒప్పుకోనివాణ్ణి క్షమించడం తప్పును చులకన చెయ్యడమేనని కొందరి వాదన. అలాంటప్పుడు విశ్వాసి చెయ్యాల్సింది పగ పెట్టుకోకుండా, క్షమించడానికి సిద్ధంగా ఉండటమే అంటారు.

ఎదుటి పక్షం దగ్గరా వచనాలున్నాయి. మార్కు 11:25లో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదైనా ఏదైనా ఉంటే క్షమించండి అని ఉంది. అక్కడ ఆ ఎదుటి మనిషి లేడు, అతను క్షమాపణ అడిగాడా లేదా అన్న ప్రస్తావనా లేదు. సిలువ మీద యేసు "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నప్పుడు సైనికులు ఏదీ ఒప్పుకోలేదు. (కొన్ని పాత వ్రాతప్రతుల్లో ఈ వాక్యం లేదు. అయినా తనను రాళ్లతో కొట్టి చంపుతున్నవాళ్ల కోసం స్తెఫను చేసిన, దీన్నే తలపించే ప్రార్థన అపొస్తలుల కార్యములు 7:60లో ఉంది.) దీనికి మొదటి పక్షం జవాబు కూడా గట్టిదే: ఇద్దరూ చేసింది దేవునికి ప్రార్థన, ఎదుటివాడికి ఇచ్చిన మాఫీ కాదు.

నాకైతే ఈ రెండు పక్షాలూ రెండు వేర్వేరు విషయాల గురించి వాదించుకుంటున్నట్టు అనిపిస్తుంది. మార్కులో ఉన్నది ప్రార్థించే మనిషి తన చేతిలోని పగను దేవుని ముందు దించెయ్యడం. దానికి ఎదుటివాడి సంతకం అక్కర్లేదు. లూకాలో ఉన్నది ఇద్దరి మధ్య లెక్క తేలడం. ఒకడు తప్పే చెయ్యలేదని అంటుంటే ఆ లెక్క తేలదు. క్షమాపణ ఎప్పటికీ అడగనివాణ్ణి, బతికి లేనివాణ్ణి కూడా మొదటి అర్థంలో క్షమించవచ్చు. రెండో అర్థంలో కుదరదు, కుదిరినట్టు నటించాల్సిన పనీ లేదు.

యోసేపు అన్నలను పరీక్షించాడు

క్షమించడం, మళ్లీ కలిసిపోవడం మధ్య ఎంత దూరం ఉండొచ్చో చూడాలంటే ఆదికాండంలో యోసేపు కథను నింపాదిగా చదవాలి. అన్నలు అతన్ని గుంటలో పడేసి, 20 వెండి నాణేలకు అమ్మేశారు. ఏళ్లు గడిచి ఐగుప్తులో అధికారి అయ్యాక, పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెడతాడు. నా బాధనంతా, నా తండ్రి ఇంటివారినందరినీ దేవుడు నేను మరచిపోయేలా చేశాడంటాడు. అన్నలు ధాన్యం కోసం అతని దగ్గరికి రావడానికి ముందు సంగతి ఇది. అంటే లోపలి గాయం అప్పటికే కొంత మానింది.

అయినా వాళ్లు ఎదురుపడగానే కౌగిలించుకోలేదు. గూఢచారులని నింద వేశాడు, మూడు రోజులు కావలిలో ఉంచాడు, వాళ్లలో ఒకడైన షిమ్యోనును తన దగ్గర బంధించుకుని మిగతావాళ్లను పంపాడు. మధ్యలో పక్కకు వెళ్లి ఏడ్చి వచ్చాడు కూడా. రెండోసారి వచ్చినప్పుడు తన వెండి గిన్నెను అందరికంటే చిన్న తమ్ముడు బెన్యామీను గోనెలో పెట్టించాడు. చిన్నవాణ్ణి వదిలేసి వెళ్లిపోయే అవకాశం వాళ్లకు మళ్లీ ఇచ్చాడన్నమాట. అప్పుడు ముందుకొచ్చి, తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అన్నది యూదా. ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామన్నది కూడా యూదానే. యోసేపు తానెవరో చెప్పింది ఆ మాట విన్న తర్వాతే.

యోసేపు మనసు ముందే సిద్ధంగా ఉందనుకోవచ్చు. నమ్మకానికి మాత్రం ఆధారం కావలసి వచ్చింది. అంతా సర్దుకున్నాక కూడా, తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి చనిపోగానే, యోసేపు ఇప్పుడు కక్ష తీర్చుకుంటాడేమోనని అన్నలు భయపడ్డారు. అతను క్షమించాడు. వాళ్లకు నమ్మకం కుదరడానికి అన్నేళ్లు కూడా చాలలేదు.

అన్నదమ్ముల బాకీ, చెయ్యి చేసుకునే భర్త

ఊహించిన రెండు సందర్భాల్లో పెట్టి చూద్దాం. తమ్ముడు తీసుకున్న అప్పుకు అన్న హామీ ఉన్నాడు. తమ్ముడు ఎగ్గొట్టాడు, అన్న కట్టాల్సి వచ్చింది. ఇద్దరూ విశ్వాసులే. అన్న పగ వదిలేశాడనుకుందాం, అంటే తమ్ముడి పరువు తీసేలా ఊరంతా చెప్పుకోవడం మానేశాడు, అతని మేలు కోసం ప్రార్థిస్తున్నాడు. డబ్బు అడిగే హక్కు కూడా పోయిందా? పోలేదు. వద్దనుకుంటే బాకీ కూడా వదులుకోవచ్చు, అది అతని ఔదార్యం. రేపు తమ్ముడు ఇంకో హామీ పత్రం పట్టుకొస్తే సంతకం పెట్టనని చెప్పినంత మాత్రాన క్షమించనట్టు కాదు. విశ్వాసులు ఒకరినొకరు న్యాయస్థానానికి ఈడ్చుకోవడాన్ని పౌలు 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో తప్పుపట్టిన మాట నిజమే. కానీ అక్కడే, మీలో మీ గొడవ తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని అడిగాడు. లెక్క తేల్చడం మానెయ్యమనలేదు.

రెండోది కష్టమైనది. భర్త కొడతాడు, తెల్లారి కాళ్లు పట్టుకుంటాడు, నెల తిరక్కుండా మళ్లీ కొడతాడు. ఆవిడ పెద్దల దగ్గరికి వెళ్తే డెబ్బది ఏళ్ల మారుల సంగతి ఎత్తుతారు. ఇక్కడ నాలుగు వేర్వేరు పనుల తేడా చెరిపేస్తే ప్రాణం మీదికొస్తుంది. పగ వదిలెయ్యమని వాక్యం ఆవిడను అడుగుతుంది. దెబ్బలు తినడానికి తిరిగి ఆ ఇంటికే వెళ్లమని మత్తయి 18వ అధ్యాయంలో ఎక్కడా లేదు. వినని మనిషిని ఏం చేయాలో చెప్పిన మూడు మెట్లు మాత్రం ఉన్నాయి. రోమీయులకు 13వ అధ్యాయం నేరాన్ని శిక్షించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది కాబట్టి, పోలీసుల దగ్గరికి వెళ్లడం పగ తీర్చుకోవడం కిందికి రాదని చాలామంది బైబిల్ పండితులు అంటారు. వివాహ బంధం పవిత్రతను గట్టిగా పట్టుకునే సంఘాల్లోనూ, విడిగా ఉండటం వేరు, విడాకులు వేరు అని ఒప్పుకుంటారు. జేమ్స్ మెక్‌నల్టీ అనే మనస్తత్వవేత్త దంపతుల మీద చేసిన అధ్యయనాల్లో, తేలిగ్గా క్షమించేవాళ్ల విషయంలో భాగస్వామి దూకుడు తగ్గకుండా కొనసాగినట్టు తేలింది. క్షమించడం మంచిదే అయినా దాని ఫలితం ఎదుటివాడు ఎలాంటివాడన్న దాని మీద కూడా ఆధారపడుతుందన్నమాట.

శిక్ష ఆగాలా?

1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతీలను వాహనంలో ఉండగానే తగలబెట్టేశారు. పిల్లలకు పదేళ్లు, ఆరేళ్లు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు. దేశం వదిలి వెళ్లకుండా కొన్నేళ్లు అక్కడే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. అయితే క్షమించడం వేరు, నేరానికి వచ్చే పర్యవసానాలు వేరు అన్న అర్థంలో ఆమె స్పష్టంగా మాట్లాడారు. కేసు దాని దారిన అది నడిచింది. ప్రధాన దోషికి పడిన మరణశిక్షను హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమించినందుకు కేసు ఆగలేదు. కేసు నడిచినందుకు ఆమె క్షమాపణ అబద్ధం కాలేదు.

పోప్ రెండో జాన్ పాల్ విషయంలోనూ ఇంతే. 1981 మే 13న తన మీద కాల్పులు జరిపిన వ్యక్తిని నాలుగు రోజులకే క్షమించానన్నారు. 1983 డిసెంబరులో జైలుకు వెళ్లి అతనితో మాట్లాడారు. ఆ మనిషి ఇటలీ జైల్లోంచి బయటపడింది 2000లో, రాష్ట్రపతి క్షమాభిక్షతో.

అందరూ దీన్ని ఒప్పుకోరు. ఆమిష్ అనే చిన్న క్రైస్తవ శాఖ లాంటి శాంతివాద సంప్రదాయాలు చెంప చూపించమన్న మాటను ఇంకా అక్షరాలా తీసుకుంటాయి, న్యాయస్థానాల జోలికి సాధారణంగా పోవు. క్షమించాను కానీ శిక్ష పడాలి అనే మాట వెనక అసలైన పగే దాక్కుంటుందేమోనన్న వారి అనుమానాన్ని కొట్టిపారెయ్యలేం. న్యాయం కావాలనుకోవడం, వాడు విలవిల్లాడితే చూసి సంతోషించాలనుకోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి.

మంట చల్లారకపోతే

క్షమించాలనే నిర్ణయం ఒక్క రోజులో తీసుకోవచ్చు. మనసు దాని వెంట రావడానికి ఏళ్లు పట్టొచ్చు. నిర్ణయంతో క్షమించడం, భావోద్వేగాల్లో క్షమించడం వేర్వేరని మనస్తత్వవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ పరిశోధనలు చెబుతాయి. ఆయన తల్లి దొంగల చేతిలో హత్యకు గురైంది కాబట్టి ఆయనకిది పుస్తకాల విషయం మాత్రమే కాదు.

క్షమిస్తే మర్చిపోవాలి అన్న మాట బైబిల్‌లో మనుషులకు ఆజ్ఞగా ఎక్కడా లేదు. వారి పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని యిర్మీయా 31లో దేవుడు తన గురించి అన్నాడు. పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాసిన ఉత్తరం చూస్తే, కంచరివాడైన అలెక్సంద్రు నాకు చాలా కీడు చేశాడని పేరుతో సహా రాస్తాడు. ప్రభువే అతనికి ప్రతిఫలమిస్తాడంటాడు. నువ్వు కూడా అతనితో జాగ్రత్త అని హెచ్చరిస్తాడు. ఆ తర్వాతి మాటల్లోనే, విచారణలో తనను ఒంటరిగా వదిలేసిన వాళ్ల గురించి, అది వారి మీద నేరంగా ఎంచబడకుండు గాక అంటాడు. భయపడి పారిపోయినవాళ్లకు ఒక తీరు, కావాలని కీడు చేసినవాడికి ఇంకో తీరు. ఇద్దరి మీదా తాను పగ తీర్చుకోలేదు, జరిగినదాన్ని మర్చిపోనూ లేదు.

ఒకరి తరఫున ఇంకొకరు క్షమించగలరా?

సంఘ నాయకుడు ఒక విశ్వాసి పట్ల ఘోరంగా ప్రవర్తించాడనుకుందాం. వేదిక మీద కన్నీళ్లతో ఒప్పుకుంటాడు, సంఘం చప్పట్లు కొట్టి క్షమించేస్తుంది. నష్టపోయిన మనిషి అక్కడ ఉండదు, ఉన్నా ఎవరూ అడగరు. దీనికి తరచూ 51వ కీర్తనలో దావీదు దేవునితో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న మాటను అడ్డం పెడతారు. దావీదు రాజు బత్షెబతో తప్పు చేసి, ఆమె భర్త ఊరియాను చంపించాడు. ఊరియా చనిపోయాడు, బత్షెబ మిగిలింది. ఆ వాక్యాన్ని పాపం ఆఖరికి దేవుని మీదికే పోతుందనే అర్థంలో చదువుతారు తప్ప, మనుషులకు ఏమీ జరగలేదని చదివే వ్యాఖ్యాతలు అరుదు. పైగా 2 సమూయేలు 12లో ప్రవక్త నాతాను, దేవుడు నీ పాపాన్ని పరిహరించాడని దావీదుతో చెబుతూనే, ఆ పని తాలూకు ఫలితాలు నీ ఇంటిని వదలవని కూడా చెబుతాడు.

సంఘం తన వంతు క్షమించవచ్చు. కొరింథులో శిక్ష పొందిన ఒక మనిషి గురించి, ఇక చాలు, దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించండి అని పౌలు సంఘానికే రాశాడు. కానీ ఆ శిక్ష అమలైన తర్వాత రాసిన మాట అది. బాధితుడి వంతు బాధితుడిదే. తప్పు చేసినవాడి వంతు కూడా ఒకటుంది, దాన్ని గురించి ప్రసంగాలు తక్కువ. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుండగా నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5:23-24 చెప్పింది నష్టం చేసినవాడికే. పన్నులు వసూలు చేసే జక్కయ్య, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కథోలికుల పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునే సంస్కారంలో, గురువు పాపవిమోచనం పలికినా, దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వడం, పాడుచేసిన పరువును సరిచెయ్యడం లాంటి బాధ్యత అలాగే మిగిలి ఉంటుంది.